సగం జరిగిన కుర్చీ

చప్పుళ్ళాయన ఎడమ చేతికి నలభై ఏళ్ళుగా గడియారం లేదు. ఆ మణికట్టు ఆయనది కాదు, వాళ్ళక్కది.

ఇది అర్థం కావాలంటే ముందు ఆయన చేసే పనేమిటో తెలియాలి. సినిమాలో దెయ్యం నడిస్తే అడుగులు వినిపిస్తాయి కదా, మరి దెయ్యానికి కాళ్ళెక్కడివి? ఆ కాళ్ళు చప్పుళ్ళాయనవి. మెడ పటుక్కుమంటే అది మెడ కాదు, ముల్లంగి. కడుపులో కత్తి దిగితే అది కడుపు కాదు, క్యాబేజీ. పాత తోలు చేతితొడుగులు రెండు దులిపితే గదినిండా గబ్బిలాలు. కూరలమ్మే ఆవిడ కూడా “ఇవాళ వండుకోడానికా, చంపడానికా?” అని అడిగి మరీ తూచేది. దెయ్యం పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయంటారు కాబట్టి ఆ నడక ఎలా వినిపిస్తుందో తెలుసుకోవాలని వారం రోజులు చెప్పులు తిరగేసి తొడుక్కుని తిరిగాడట. ఆ వారం ఆయన పనికి బయలుదేరితే ఇంటికే చేరేవాడని స్టూడియోలో ఇప్పటికీ చెప్పుకుంటారు. నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు.

ఏ చప్పుడు చేసినా ముందు అక్కకి వినిపించేవాడు. ఆవిడ ఆయనకన్నా అయిదేళ్ళు పెద్ద. దర్జీ పని చేసి ఇద్దరు పిల్లల్ని పెంచి పెద్ద చేసింది. నలభై ఏళ్ళు కత్తెర పట్టిన చెయ్యి కదా, ఆ పట్టు పట్టకారు పట్టు. ఆవిడ పక్కన కూర్చుని, ఎడమ చెయ్యి ఆవిడ ఒళ్ళో పెట్టి, కుడిచేత్తో చప్పుళ్ళ పెట్టె మీట నొక్కేవాడు. భయం వేస్తే అక్క ఆ మణికట్టు పట్టుకునేది. చెయ్యి తీసుకున్నాక ఎన్ని వేళ్ళ గుర్తులు పడ్డాయో ఈయన లెక్కపెట్టుకునేవాడు. ఒక వేలు పడితే పిల్లల సినిమాకి సరిపోతుంది. మూడు వేళ్ళు పడితే ఇంటర్వెల్‌కి పనికొస్తుంది. నాలుగు వేళ్ళూ బొటనవేలూ దిగబడ్డాయంటే ఇక తిరుగులేదు, ఆఖరి సన్నివేశానికే. స్టూడియోలో డైరెక్టర్లంతా చప్పుడు బాగుందా అని అడగడం మానేసి “మాస్టారూ, ఎన్ని వేళ్ళు?” అని అడగడం మొదలుపెట్టారు.

మొదట్లో ఆయనకి గడియారం ఉండేది. బావిలోంచి గొంతు వచ్చే చప్పుడొకటి చేసి వినిపించిన రోజున అక్క పట్టిన పట్టుకి అది ఆగిపోయింది. బాగుచేసేవాడు భూతద్దం పెట్టి చూసి “దీనిమీద లారీ ఎక్కిందా అండీ?” అన్నాడట. “లేదు, మా అక్క భయపడింది” అన్నాడట ఈయన. ఈ సంగతి చెప్పినప్పుడల్లా లారీ కాస్త పెద్దదవుతూ వచ్చి, ఈమధ్య రైలింజను దగ్గర నిలబడింది.

ఇంత భయపడే మనిషి మరి ఎందుకు వింటుందీ అంటారా? అదే తమాషా. పట్టుకున్న చెయ్యి వదలకుండానే నవ్వు మొదలయ్యేది. కళ్ళ నీళ్ళు కొంగుతో ఒత్తుకుంటూ, ఊపిరందక, “ఇంకోసారి వెయ్యరా వెధవా” అనేది. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటారు కానీ ఆ ఇంట్లో ఎలుకే పిల్లిని పిలిచి మరీ ఆడించుకునేది.

ఇది వాళ్ళకి చిన్నప్పుడు మొదలైంది. తల్లి మిల్లులో పనికి వెళ్తే వచ్చేదాకా పిల్లలిద్దరే ఒక గదిలో. ఆ గది గోడలో ఒక నీళ్ళ గొట్టం ఉండేది. పైఅంతస్తులో ఎవరైనా కొళాయి తిప్పితే చాలు, ఊఊ అని మూలిగేది. అమ్మ ఇంకా రాలేదేం అన్న భయానికి రూపం లేదు, దాన్ని ఎటు తిరిగి చూడాలో తెలియదు. అందుకని అక్క దానికొక దెయ్యాన్ని కల్పించింది. గొట్టంలో ఉంటుంది, సన్నగా ఉంటుంది, జలుబు చేసి ముక్కు కారుతుంటుంది. అది మూలిగినప్పుడల్లా తమ్ముడి మణికట్టు పట్టుకునేది. నన్ను కాపాడుతోంది కాబోలు అనుకునేవాడు వాడు. ఒకరోజు వాడే ఒక ఇనుప గొట్టం ముక్క సంపాదించి నోటి దగ్గర పెట్టుకుని ఊదాడు. అచ్చం అదే మూలుగు. ఆ క్షణంతో వాడి భయం పోయింది. అక్క మాత్రం, ఊదుతున్నది వీడేనని కళ్ళారా చూస్తూ కూడా, వాడి చెయ్యి పట్టుకుని కెవ్వుమని, ఆనక పడీ పడీ నవ్వి, మళ్ళీ ఊదమంది. ఆ రోజు నుంచి ఒకరు చేసేవారు, ఒకరు హడిలేవారు.

నాలుగు నెలల కిందట అక్కకి గుండె ఆపరేషను జరిగింది. బాగానే జరిగింది. ఇంటికొచ్చిన రోజే ఆవిడ కూతురు, అదే చప్పుళ్ళాయన మేనకోడలు, గుమ్మం దగ్గర నిలబడి చట్టం చేసింది. ఆ అమ్మాయి నర్సు, ఆమె మాట అంటే వార్డంతా నిలబడాల్సిందే.

“మావయ్యా, నీ దెయ్యాల పెట్టె ఈ ఇంట్లో తెరిచావంటే ఊరుకోను. అమ్మకి ఉలికిపాటు పనికిరాదు.”

“సరేనమ్మా” అన్నాడు ఈయన. ఇంట్లో పులి వీధిలో పిల్లి అంటారు, ఈయన మేనకోడలి ముందు రెండు చోట్లా పిల్లే.

అన్నాడే కానీ ఎన్నాళ్ళని? ఒక కొత్త సినిమా వచ్చింది. డైరెక్టరు చిన్నపిల్ల, మొహంలో సగం కళ్ళజోడే ఉంటుంది కాబట్టి అందరూ అద్దాలమ్మాయి అంటారు. కథంతా ఒక్క చప్పుడు మీద నిలబడింది. ఒంటరిగా ఉన్న ఒకావిడ ఇంటికొచ్చి, దీపం వేసుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుంటుంది. ఎవరూ లేని పై గదిలో కుర్చీ జరిగిన చప్పుడవుతుంది. అంతే. దెయ్యం కనపడదు, రక్తం ఉండదు. ఆ కుర్చీ పండితే సినిమా పండినట్టు.

చప్పుళ్ళాయన స్టూడియోలో కుర్చీ లాగాడు, రికార్డు చేశాడు, మేనకోడలు డ్యూటీకెళ్ళిన మధ్యాహ్నం చూసుకుని దొంగలా అక్క ఇంటికెళ్ళాడు. పక్కన కూర్చున్నాడు. చెయ్యి ఒళ్ళో పెట్టాడు. మీట నొక్కాడు. “అమ్మో!” అంది అక్క, గట్టిగా పట్టుకుంది. నాలుగు వేళ్ళూ బొటనవేలూ. ఆయన ఆనందంగా అద్దాలమ్మాయికి ఫోను చేసి “అయిదు వేళ్ళు” అని చెప్పి చప్పుడు పంపించేశాడు.

వారం తిరక్కుండా ఆ అమ్మాయి దగ్గర్నుంచి ఫోను వచ్చింది.

“మాస్టారూ, నిన్న ఓ నలభైమందికి సినిమా వేసి చూపించాం.”

“కుర్చీ దగ్గర ఎంతమంది లేచి కూర్చున్నారు?”

“నవ్వారు మాస్టారూ. వెనక వరసలో ఎవరో ‘చుట్టాలు భోజనాలు చేసి లేస్తున్నట్టున్నారు’ అన్నారు. హాలంతా గొల్లుమంది.”

చప్పుళ్ళాయన మణికట్టు చూసుకున్నాడు. “అయిదు వేళ్ళమ్మా! నా చేతిమీద ఇంకా గుర్తులున్నాయి.”

“మీ మాట కాదనను మాస్టారూ. కానీ రేపు సాయంత్రానికి చప్పుళ్ళన్నీ కలిపేసి, ఇక మార్చడానికి వీల్లేకుండా తాళం వేసేస్తారు. ఈలోగా ఇంకో కుర్చీ రాకపోతే కంప్యూటర్‌లో ఉన్నది పెట్టుకోమంటున్నారు నిర్మాతగారు. అలా పెడితే ఇకమీద అన్నిటికీ అదే పెడతారు. నాకిష్టం లేదు. అందుకే ముందు మీకు చెబుతున్నా.”

ఫోను పెట్టేసి ఆయన కూలబడ్డాడు. నలభై ఏళ్ళలో అక్క చెయ్యి అబద్ధం చెప్పలేదు. చేతిమీద గుర్తుంది, హాల్లో నవ్వుంది, రెండూ నిజమెలా అవుతాయి?

ఆయనకొక అలవాటుంది. అక్కకి వినిపించేటప్పుడు రెండో రికార్డరు ఆన్ చేసి జేబులో పెట్టుకుంటాడు. అక్క కేకలు కూడా పనికొస్తాయి, మూడు సినిమాల్లో వాడాడు. ఆ రోజుది బయటికి తీసి చెవులకి పెట్టుకుని విన్నాడు. కుర్చీ జరిగింది. “అమ్మో!” అంది అక్క.

వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాడు. ఇంకోసారి విన్నాడు.

నిజంగా హడిలిన మనిషి ముందు ఊపిరి లోపలికి లాగుతాడు. ఆ తర్వాతే కేక. నటించేవాడికి ఆ ఊపిరి గుర్తుండదు, నేరుగా కేకలోకి దూకుతాడు. ఈ సంగతి ఎంతమంది నటులకి నేర్పాడో లెక్కలేదు. అక్క గొంతులో ఆ ఊపిరి లేదు. ఒక్క పిసరు లేదు.

మర్నాడు పొద్దున్నే పెట్టె చంకలో పెట్టుకుని వెళ్ళాడు. తలుపు తీసింది మేనకోడలు. పెట్టెని చూసింది, మావయ్యని చూసింది.

“ఏంటది?”

“పెట్టె.”

“పెట్టె అని కనిపిస్తోంది.”

“లోపలికి రానీవే వాణ్ణి” అని అక్క లోపల్నుంచి కేకేసింది. “మొహం చూడు, కుడితిలో పడ్డ ఎలుకలా ఉన్నాడు.”

ఆయన వచ్చి అక్క ఎదురుగా నిలబడ్డాడు. పక్కన కూర్చోలేదు.

“నటించావక్కా.”

అక్క తేలు కుట్టిన దొంగలా కొంగు సర్దుకుంది. తర్వాత కళ్ళు ఎగరేసింది. “ఎవరు చెప్పారు?”

“నీ ఊపిరి చెప్పింది. లోపలికి లాగకుండానే అరిచావు.”

“అరవకేం చెయ్యమంటావ్? నాలుగు నెలల తర్వాత మొదటిసారి పెట్టె తెచ్చావు. పరీక్ష రాసొచ్చిన పిల్లాడిలా నా మొహంలోకి చూస్తున్నావు. సున్నా వెయ్యమంటావా?”

“హాలంతా నవ్వారక్కా.”

“నవ్వరూ?” అక్క ముందుకి వంగింది. “ఇంతకీ అది భయపెట్టే కుర్చీ అనే అనుకున్నావా నువ్వు? అది పలకరించే కుర్చీరా. ఆసుపత్రిలో నాకు తెలివొచ్చాక మొట్టమొదట విన్నది దాన్నే. నువ్వు నీ కుర్చీని బర్రుమని నా మంచం పక్కకి లాక్కుని, దభీమని కూర్చుని, ముక్కు చీదావు. హమ్మయ్య, బతికే ఉన్నాను, వీడు పక్కనే ఉన్నాడు అనుకున్నా. అచ్చంగా ఆ చప్పుడే తెచ్చి దెయ్యం అంటే ఎలా నమ్మను? నువ్వు కనక ఊరుకున్నా, ఇంకెవరైనా అయితే కాఫీ ఇచ్చి పంపేదాన్ని.”

ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. స్టూడియోలో ఆ కుర్చీ లాగుతున్నప్పుడు ఆయన మనసులో ఉన్నది దెయ్యం కాదు. అక్క గుండెమీది కుట్లు.

“ఇంతకీ” అంది మేనకోడలు, నడుం మీద చేతులు పెట్టుకుని, “నేను లేనప్పుడు పెట్టె తెరిచారన్న మాట.”

తమ్ముడూ అక్కా ఒకేసారి నేల చూశారు. ఇద్దరికీ కలిపి నూటముప్పై ఏళ్ళు దాటాయి.

“నీ మేలుకోసమే కదమ్మా వద్దన్నాను” అంది కూతురు, గొంతు కాస్త తగ్గించి. “మళ్ళీ ఏమైనా అయితే?”

“డాక్టరు చీటీలో దెయ్యాలు లేవే. అవి నువ్వు చేర్చినవి. మొన్న నేనే అడిగాను. ‘రెండంతస్తుల మెట్లు ఎక్కుతున్నారు, సినిమా చూడలేరా’ అని నవ్వాడాయన.” అక్క కూతురి చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. “చూడూ, ఆపరేషను రోజు నన్ను బండిమీద తోసుకెళ్తుంటే పైన లైట్లు ఒక్కొక్కటే వెనక్కి పోతున్నాయి. అది అసలు భయం. ఎప్పటికి అయిపోతుందో ఎవరూ చెప్పరు. పట్టుకుందామంటే వీడి చెయ్యి లేదు, తలుపు దగ్గరే ఆపేశారు. అదేమో ఇంటిదాకా నా వెంట వచ్చేసింది, వీధికుక్కలా ఇక్కడిక్కడే తిరుగుతోంది. వీడి చప్పుళ్ళ భయం అలాంటిది కాదు. అది కట్టేసిన కుక్క. ఎంత మీదికొచ్చినా గొలుసు ఎంత పొడుగో నాకు తెలుసు. ఎగిరి పడతాను, అరుస్తాను, అది ఆగిపోతుంది, నేను నవ్వుతాను. అలా ఓసారి నవ్వానంటే ఆ రెండోది కూడా కాసేపు దూరంగా పోతుందే. నాలుగు నెలలుగా ఒక్కసారైనా అలా నవ్వానా నేను?”

కూతురు తల్లి చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

“ఆశపడి కట్టేసిన కుక్కని తెమ్మంటే” అక్క తమ్ముడివైపు తిరిగింది, “ఈ వెధవ పిల్లిపిల్లని తెచ్చి ఒళ్ళో పెట్టాడు.”

మేనకోడలు చాలాసేపు పెట్టెవంక చూసింది. “ఒక్కసారి. నా వేళ్ళు నీ నాడి మీదే ఉంటాయి. కాస్త తేడా వచ్చినా పెట్టె కిటికీలోంచి బయటికెళ్తుంది. వెనకే మావయ్య.”

“మీరిద్దరూ వెళ్ళి వీధి మెట్ల మీద కూర్చోండి” అన్నాడు చప్పుళ్ళాయన. “ముందుగా వినకూడదు.”

తల్లీకూతుళ్ళు తరగతిలోంచి గెంటేసిన పిల్లల్లా వెళ్ళి ఎండలో కూర్చున్నారు.

ఆయన వెనక గదిలోకి వెళ్ళాడు. కుట్టుమిషను, గోడకి కొలతల టేపు, మూలన గుడ్డపేలికల మూట. మిషను ముందు అక్క కుర్చీ. చెక్కది, బరువైనది, ఒక కాలు కాస్త పొట్టి. రికార్డరు నేలమీద పెట్టి, కుర్చీ వీపు పట్టుకుని లాగాడు. బర్రున వచ్చేసింది. చుట్టాలే. మళ్ళీ లాగాడు. మళ్ళీ చుట్టాలే. మూడోసారి నెమ్మదిగా లాగాడు. ఈసారి నెమ్మదస్తులైన చుట్టాలు.

నేలమీద కూలబడ్డాడు. గొట్టం గుర్తొచ్చింది. గొట్టం మూలిగినంతసేపూ అక్క పట్టు వదులుగానే ఉండేది. మూలుగు సగంలో ఠక్కున ఆగేది, పైవాళ్ళు కొళాయి కట్టేసేవాళ్ళు. అప్పుడు దిగబడేవి అక్క వేళ్ళు. అది ఎందుకు ఆగింది? మనం ఉన్నట్టు దానికి తెలిసిందా? అదీ భయం. మరి తనెందుకు ప్రతిసారీ కుర్చీని చివరిదాకా లాగుతున్నాడు?

ఆపరేషను రోజు అక్క లోపల ఉన్న అయిదు గంటలూ ఆయన ఆ తలుపు బయటే ఉన్నాడు. అన్నీ సగంలో ఆగిపోయిన అయిదు గంటలు. ఆ తర్వాత సగంలో ఆగిన దేన్నీ ఆయన చెయ్యి భరించలేకపోయింది. కుర్చీ పట్టుకుంటే చాలు, అక్క మంచందాకా లాగందే వదలడం లేదు. అక్క గుండెకోసం అనుకున్నాడు కానీ, పిరికిదైపోయింది తన చెయ్యే.

లేచాడు. రికార్డరు మీట నొక్కాడు. కుర్చీ పట్టుకున్నాడు. పొట్టి కాలు నేలని గీరుతూ కదిలింది. జానెడు. మరో జానెడు. అక్కడ ఆపేశాడు. చెయ్యి ముందుకి గుంజింది, పూర్తి చెయ్యమని బతిమాలింది. పళ్ళ బిగువున ఆపాడు. ఊపిరి బిగబట్టి ఇరవై దాకా లెక్కపెట్టాడు. గదిలో నిశ్శబ్దం చెవులు రిక్కించి వింటున్నట్టుంది. కుర్చీని అలాగే వదిలేసి బయటికొచ్చాడు.

ముగ్గురూ ముందు గదిలో కూర్చున్నారు. మధ్యలో అక్క. ఆవిడ ఎడమ మణికట్టు కూతురి వేళ్ళ కింద, కుడిచేతికి అందేలా తమ్ముడి మణికట్టు. కిటికీలోంచి పట్టపగలు వెలుగు. వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోతున్నారు.

“ఒరే, ముందే చెబుతున్నా” అంది అక్క. “ఈసారి సున్నా అయితే సున్నాయే.”

“అలాగే, సున్నాయే వెయ్యి” అన్నాడు ఆయన.

మీట నొక్కాడు.

పెట్టెలోంచి ఖాళీ గది వినిపించింది. కుర్చీ కాలు గీరింది. జానెడు. మరో జానెడు.

ఆగింది.

అక్క ఎదురుచూసింది. మిగతా సగం రావాలి కదా. రాలేదు. లాగుతున్నది ఏదో కానీ, అది ఆగి, వీళ్ళవైపు చెవి పెట్టింది. సైకిలు గంట కూడా ఆగిపోయింది.

అప్పుడు విన్నాడు ఆయన. సన్నగా, సూదిలోకి దారం ఎక్కిస్తున్నప్పటిలా, అక్క ఊపిరి లోపలికి వెళ్ళింది. నాలుగు నెలల తర్వాత. వెంటనే మణికట్టు మీద పట్టకారు పడింది.

కెవ్వుమన్న కేక మాత్రం అక్కది కాదు. మేనకోడలిది. వార్డంతా నిలబెట్టే నర్సు తల్లి నాడి వదిలేసి, తల్లి వెనకనుంచి చెయ్యి చాపి, మావయ్య భుజం పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది.

అక్క ముందు కూతుర్ని చూసింది. తర్వాత తమ్ముణ్ణి చూసింది. ఆవిడ భుజాలు కదిలాయి. నవ్వు పొట్టలోంచి పొంగుకొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. కూతురు సిగ్గుపడి గబగబా మళ్ళీ నాడి పట్టుకుని, అంకెలు తప్పి, తనూ నవ్వడం మొదలుపెట్టింది.

“ఎంత కొట్టుకుంటోందే?” అన్నాడు ఆయన, ఇంకా భయంగానే.

“నాదా, అమ్మదా?” అంది మేనకోడలు కళ్ళు తుడుచుకుంటూ. “అమ్మది గుర్రంలా దిట్టంగా ఉంది మావయ్యా. నాదే చూడాలి.”

ఆయన అక్కడే ఫోను తీశాడు. “అమ్మాయీ, పంపిస్తున్నా. పది వేళ్ళు.”

“అక్కయ్యగారికి ఒక చేతికే పది వేళ్ళా మాస్టారూ?” అని అద్దాలమ్మాయి ఆశ్చర్యపోయింది.

“అయిదు మా వంశంలో కొత్తగా చేరాయి. సాయంత్రం తాళం వేసేముందు నువ్వే ఒకసారి విను. ఒక్కదానివీ వినకు, పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకో.”

ఫోను పెట్టేసరికి అక్క నవ్వు సద్దుమణిగింది. ఆవిడ వెనక గదివైపు చూస్తోంది. తలుపు ఓరగా వేసి ఉంది.

“ఒరే.”

“ఏంటక్కా?”

“ఆ కుర్చీ ఇంకా సగంలోనే ఉందా?”

“ఉంది.”

“వెళ్ళి పూర్తిగా లాగరా బాబూ. లేకపోతే ఈ ఇంట్లో నేను కాఫీ కూడా పెట్టలేను.”

ఆయన లేచి వెళ్ళాడు. ఈసారి చేతికి అడ్డు చెప్పలేదు. గది దాటించి, గడప దాటించి, నేలంతా బర్రుమనిపిస్తూ, చుట్టాలందరినీ వెంటేసుకుని అక్క పక్కదాకా కుర్చీని లాక్కొచ్చి, దభీమని కూర్చుని, ముక్కు చీదాడు.

“ఒక కాలు పొట్టిది” అంది అక్క, ఆయన చేతిమీద చెయ్యేసి. “పడతావు. చూసుకుని కూర్చో.”